గోడ కోసే ముందు
ఎకో రిపోర్టు చేతికి రాగానే ఇంటివాళ్లు ముందు చూసేది గుండె గోడ మందమే. "22 మిల్లీమీటర్లట డాక్టరుగారూ, ఆపరేషన్ ఎప్పుడు?" అని అడుగుతారు. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి వంశపారంపర్యంగా గుండె కండరం దళసరెక్కే జబ్బు. పెద్దవాళ్లలో గోడ 15 మిల్లీమీటర్లకు చేరిందంటే దీన్ని అనుమానిస్తాం. కానీ ఒక్క మందాన్ని చూసి నేను కత్తి పట్టను. మెట్లెక్కితే ఎలా ఉంటుంది, భోంచేసి నడిస్తే ఆయాసం పెరుగుతుందా, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా అని అడుగుతాను. "ఆయాసమేం లేదండీ" అంటాడు రోగి. భార్య అందుకుంటుంది: "లేకేం, మేడ మీదికి రావడమే మానేశారు."

దళసరి గోడ బృహద్ధమనిలోకి రక్తం వెళ్లే దారిలోకి పొడుచుకొస్తుంది. మైట్రల్ కవాటం రెక్క కూడా అటే లాక్కుపోయి గోడకు తగులుతుంది. దానివల్ల అడ్డుకు ఇటూ అటూ రక్తపోటులో తేడా వస్తుంది. పడుకోబెట్టి చూస్తే ఇది కొందరిలో కనిపించదు. ఊపిరి బిగబట్టి ముక్కమనాలి, నడిపించి మళ్లీ చూడాలి. తేడా 50 మిల్లీమీటర్ల పాదరసం దాటి, బీటా బ్లాకర్లు, వెరాపమిల్ లాంటి మందులు సరిపడా మోతాదులో వాడినా మనిషి నాలుగడుగులకే ఆగిపోతుంటే అప్పుడు ఆపరేషన్ మాట ఎత్తుతాను. 2022లో అమెరికాలో అనుమతి పొందిన మావాకామ్టెన్ అనే మందు వచ్చాక కొందరికి కోత అవసరమే రావడం లేదు. మందుతో తేరుకునే మనిషి ఛాతీ తెరవడం నాకు సమ్మతం కాదు.

ఆపరేషన్‌లో గుండెను ఆపి, బృహద్ధమనిని కోసి, దాని కవాటం గుండా లోపలికి చూస్తాం. మైట్రల్ రెక్క పదేపదే తగిలిన చోట గోడ మీద తెల్లటి మచ్చ కట్టి ఉంటుంది. కోత అక్కడితో ఆగితే చాలదు, గుండె కొన వైపు ఇంకా లోపలికి సాగాలి. లోతు ఎక్కువైతే గోడకు చిల్లు పడుతుంది, తక్కువైతే అడ్డు మిగిలిపోతుంది, పక్కకు జరిగితే పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. ఇంత చేసి తీసేది కొన్ని గ్రాముల కండ. గుండె మళ్లీ కొట్టుకున్నాక అన్నవాహిక లోంచి ఎకో చూస్తాం. అడ్డు మిగిలితే మళ్లీ హార్ట్-లంగ్ మెషీన్ మీదికి వెళ్లాల్సిందే. 1960ల్లో ఈ కోతకు రూపమిచ్చిన అమెరికన్ సర్జన్ ఆండ్రూ మోరోకూ ఇదే జబ్బు ఉండేదన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

కోతతో ఆయాసం పోతుంది గానీ జన్యువు మారదు. హఠాన్మరణం ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు, లయ తప్పిన గుండెకు షాకిచ్చే ఐసీడీ పరికరం పెట్టాలా వద్దా అన్నది వేరే లెక్క. పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ జన్యులోపం సంక్రమించే అవకాశం సగానికి సగం. గుండె కండరం జన్యువుల్లో ఒకదానిలో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన లోపం దక్షిణాసియా జనంలో సుమారు 4 శాతం మందిలో ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో వెల్లడించారు. అది ఉన్న అందరికీ జబ్బు రాదు. అయినా తోడబుట్టినవాళ్లకూ పిల్లలకూ ఈసీజీ, ఎకో తీయించమంటాను. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ, ఇప్పుడే వద్దు" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కడుపులో బిడ్డ పడకముందే తెలిస్తే అమ్మాయికే మేలని నచ్చజెప్పి, ఆ సాయంత్రానికే ఆమె పేరు మీద ఎకో చీటీ రాసిస్తాను.