పొయ్యి కింద దేవత

నార్వే ఉత్తర కొసన, ఫిన్‌మార్క్ ప్రాంతంలో కరాషోక్ అనే చిన్న ఊరు ఉంది. 1886 జనవరి 1న అక్కడ మైనస్ 51.4 డిగ్రీలు నమోదయింది. నార్వేలో అంతకు మించిన చలి ఇంతవరకు లెక్కకెక్కలేదు. ఆ దేశపు ఆదివాసులైన సామీల పార్లమెంటు ఆ ఊళ్లోనే ఉంది, వాళ్ల మ్యూజియమూ అక్కడే. ఆ మ్యూజియంలో నేను చూడదలచుకున్నది ఒక్క వస్తువే, ఒక డప్పు. కోలగా ఉన్న చెక్క దొప్పకి రెయిండీర్ తోలు బిగించి ఉంటుంది. తోలు మీద ఐదు వరసల్లో బొమ్మలు: సూర్యుడు, ఉరుములవాడు, అడవి రెయిండీర్, మనుషులు. అన్నీ సన్నటి గీతలే, పిల్లలు ఇసుకలో వేలితో గీసినంత తేలిగ్గా ఉంటాయి. ఆ గీతల ఎరుపు ఆల్డర్ చెట్టు బెరడుది. బెరడుని నమిలి, ఆ రసంతో బొమ్మలు గీసేవారు. ఇలాంటి డప్పుల దొప్పని చెట్టు మీద బుడిపెలా పెరిగిన గట్టి చెక్కని తొలిచి చేస్తారు. రెయిండీర్ కొమ్ముతో చేసిన సుత్తితో కొడతారు. తోలు మీద చిన్న లోహపు బిళ్ల పెట్టి కొడుతుంటే అది తుళ్లుతూ బొమ్మల మధ్య తిరుగుతుంది. ఎటు తిరిగిందో, ఏ బొమ్మ మీద ఆగిందో చూసి సమాధానం చెప్పుకునేవారు. వేటకి ఎటు వెళ్లాలి, రోగి లేస్తాడా, ఏ దేవతకి ఏం చెల్లించాలి అన్న ప్రశ్నలన్నీ ఈ తోలు మీదికే వచ్చేవి.

ఈ డప్పు ఆండర్స్ పౌల్సెన్ అనే సామీ వృద్ధుడిది. అప్పట్లో నార్వే డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉంది. 1691 డిసెంబరులో అధికారులు దీన్ని లాక్కున్నారు, 1692 ఫిబ్రవరిలో వాద్సో పట్టణంలో ఆయన మీద విచారణ జరిగింది. న్యాయస్థానం ముందు ఆయన ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి ఇది ఫలానా అని చెప్పాడు, గుమాస్తా రాసుకున్నాడు. సామీ డప్పు గురించి దాని సొంతదారు నోటి వెంట ఇంత వివరంగా వచ్చిన మాటలు చాలా తక్కువే మిగిలాయి కాబట్టి పండితులందరూ ఆ కాగితాల దగ్గరికే వస్తారు. అయితే ఆయన చెప్పిన పేర్లలో ఉరుములవాడితోపాటు తండ్రి అయిన దేవుడు, దేవుని కుమారుడు, మేరీమాత కూడా ఉన్నారు. ప్రాణం మీదికి వచ్చిన ముసలాయన న్యాయాధికారులకి నచ్చే పేర్లు చెప్పి ఉండవచ్చు. రెండు రకాల దేవుళ్లనూ నిజంగానే కలిపి కొలిచి ఉండవచ్చు కూడా. కాగితం ఆ రహస్యం విప్పదు. ఏ శిక్ష వేయాలో కోపెన్‌హాగెన్‌ని అడుగుదామని తీర్పు వాయిదా వేశారు. ఈలోగా నిర్బంధంలోనే ఒకడు గొడ్డలితో ఆయన్ని చంపేశాడు. డప్పు కోపెన్‌హాగెన్ రాజుగారి సేకరణకి చేరింది. 1979లో కరాషోక్‌కి అరువుగా వచ్చింది. సొంతంగా తిరిగి ఇచ్చింది మాత్రం 2022లో.

ఈ చరిత్ర తెలియకపోయినా మన పిల్లలకి ఈ మంచు దేశం కొత్త కాదు. 2019 నాటి డిస్నీ సినిమా ‘ఫ్రోజెన్ 2’ తెలుగులోనూ వచ్చింది. నిత్యా మేనన్, మహేష్‌బాబు కూతురు సితార అందులో కథానాయిక ఎల్సాకి గొంతునిచ్చారు. ఆ సినిమాలో నార్తల్డ్రా అని కనిపించే అడవి ప్రజలకి మూలం సామీలే. అందుకే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలోని సామీ పార్లమెంటులు, సామీ కౌన్సిల్ ముందే డిస్నీతో ఒప్పందం రాసుకున్నాయి, సినిమా ఉత్తర సామీ భాషలోనూ వచ్చింది. 2013 నాటి మొదటి సినిమా ఆరంభంలో వినిపించే గానం దక్షిణ సామీ స్వరకర్త ఫ్రోదె ఫియెల్‌హైమ్‌ది. ఈ ఒప్పందం మంచిదే. అడగకుండా వాడుకునే పాత అలవాటుతో పోల్చితే చాలా పెద్ద మార్పు. కానీ ఆ సినిమా అడవిలో దేవతలు ఎవరని చూస్తే గాలి, నిప్పు, నీరు, నేల. ఈ నాలుగు భూతాల లెక్క గ్రీకులది. సామీలకి గాలిదేవుడు బియెగ్గోల్‌మాయ్ ఉన్నాడు, సూర్యదేవత బెయ్‌వి ఉంది, చీకటి నెలల తర్వాత ఎండ మళ్లీ తొంగిచూసినప్పుడు గుమ్మానికి వెన్న పూసి ఆమెకి పెట్టేవారు. ఇవన్నీ నాలుగు గడుల పెట్టెలో ఇమడవు. సినిమా అని మాత్రమే కాదు, మంచు దేశపు కల్పనల్లో చాలావాటికి ఇదే తీరు. దేవతలు ఆకాశంలోనో, మంచుకొండ మీదో, పొగమంచు అడవిలోనో ఉంటారు. ఇంట్లో ఎవరూ ఉండరు.

నా అభ్యంతరం సరిగ్గా అక్కడ. సామీల ఆరాధనలో అన్నిటికన్నా దగ్గరి దేవతలు ఇంట్లోనే ఉన్నారు. 18వ శతాబ్దపు మిషనరీల రాతల్లో వాళ్ల వివరం ఉంది. పెద్దమ్మ మాత్తర్-ఆహ్కా, ఆమె ముగ్గురు కూతుళ్లు. ‘ఆహ్కా’ మన చెవికి ‘అక్క’లా తగులుతుంది. రెంటికీ సంబంధమేమీ లేదు, అయినా దేవతని చుట్టరికంతో పిలవడం మనకి కొత్త కాదు కాబట్టి ఆ మాట ఇట్టే పట్టుబడుతుంది. ఉక్సాహ్కా గుమ్మం దగ్గర ఉంటుంది, లోపలికి వచ్చేవాళ్లనీ బయటికి వెళ్లేవాళ్లనీ, నడక నేర్చే పిల్లలనీ కాస్తుంది. యుక్సాహ్కా చేతిలో విల్లు, కడుపులో బిడ్డ మగపిల్లవాడు కావాలంటే ఆమెని మొక్కాలి. సారాహ్కా గుడారం మధ్యలో పొయ్యి కింద ఉంటుంది. రోజూ తినేముందు, తాగేముందు కాస్త పొయ్యిలో పోసి ఆమెకి పెట్టేవారు. ప్రసవం ఆమె పని, నొప్పులు పడే స్త్రీతోపాటు ఆమె కూడా నొప్పి పడుతుందని నమ్మకం. పురుడు కాగానే ఆమె పేరున జావ కాచి, బాలింత మిగతా స్త్రీలతో కలిసి తాగేది. ఆ జావలో చిన్న పుల్లలు పెట్టి శకునం చూసేవారట. మిషనరీలని అన్నిటికన్నా కలవరపెట్టిన ఆచారం మరొకటుంది. చర్చిలో పాదిరి బాప్తిస్మం ఇచ్చి పేరు పెట్టిన పసిబిడ్డని ఇంటికి తెచ్చి, నీళ్లతో కడిగి ఆ పేరు పోగొట్టి, సారాహ్కా పేరున సామీ పేరు పెట్టేవారు. ఇది చేసింది స్త్రీలు. వాళ్లకి డప్పు అక్కర్లేదు, కావలసింది గోరువెచ్చని నీళ్లు, ఒక గిన్నె.

మరి ఇంత దగ్గరి దేవతలు ఎందుకు వెనక్కి పోయారు? నాకు తోచిన కారణం ఇది: ఈ మతం గురించి మనకి మిగిలిన సాక్ష్యాన్ని పోగు చేసింది దాన్ని లేకుండా చేయదలచినవాళ్లు. ప్రాసిక్యూషన్‌కి చేతికి దొరికే వస్తువు కావాలి. డప్పు దొరుకుతుంది, పట్టుకుపోవచ్చు, న్యాయస్థానం బల్ల మీద పెట్టవచ్చు, తగలబెట్టవచ్చు. స్వీడన్ వైపు ఆర్యెప్లోగ్‌లో 1693లో లార్స్ నిల్సన్‌ని ఆయన డప్పుతోనూ చెక్క దేవుళ్లతోనూ కలిపి మంట మీద కాల్చారు. చనిపోయిన మనవడిని బతికించుకోవాలని ఆయన డప్పు కొట్టాడు. మిషనరీ తోమాస్ ఫాన్ వెస్టెన్ పోగు చేసిన డప్పుల్లో చాలా భాగం 1728 నాటి కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. స్వీడిష్ పండితుడు ఎర్న్‌స్ట్ మాంకర్ 20వ శతాబ్దంలో లెక్క తీసేసరికి యూరప్ మ్యూజియాలన్నీ కలిపి 71 తేలాయి. ఆ 71 మీద పుస్తకాలు వచ్చాయి, బొమ్మల అర్థాల మీద వాదాలు నడిచాయి. డప్పు మగవాళ్ల చేతి వస్తువు. గుడారంలో పొయ్యి వెనక ఉండే ‘బొవాష్షు’ అనే పవిత్రమైన మూల దాని చోటు, అటువైపు స్త్రీలు అడుగు పెట్టకూడదన్న నియమాలుండేవి. పొయ్యిలో పోసిన పాలని ఎవరు జప్తు చేస్తారు? తాగేసిన జావ ఏ మ్యూజియంలో ఉంటుంది? జప్తుకి దొరికినదే మతమంతా అని మనం అనుకుంటున్నాం. జప్తుదారు ఎంపికే మన జ్ఞాపకానికి చట్రమయింది.

దీనికి ఎదురు మాటలు లేకపోలేదు. మొదటిది: ఈ అమ్మల గురించి చెప్పిందీ అదే మిషనరీలు కదా, డప్పుల కథని అనుమానించి పొయ్యి కథని నమ్మడం ఎలా? నిజమే. వాళ్లు అడిగినవాళ్లు భయపడి జవాబులు చెప్పినవాళ్లే. పైగా రాసినవాళ్లు ఒకరి రాతలు ఒకరు చూసి రాశారు. కానీ బాప్తిస్మాన్ని కడిగేయడం గురించి పాదిరులు రాసినప్పుడు వాళ్లు తమ ఓటమిని తామే నమోదు చేస్తున్నారు. అలాంటి మాటని కల్పించుకోవలసిన అవసరం వాళ్లకి లేదు. రెండో మాట మరింత గట్టిది. ఆహ్కాల వివరం ఎక్కువగా దక్షిణాది సామీ ప్రాంతాల నుంచి వచ్చింది. ఆ ముగ్గురి బొమ్మలు దక్షిణపు డప్పుల మీదే ఎక్కువ కనిపిస్తాయి. దాన్ని తెచ్చి కరాషోక్‌లో అందరికీ అంటగట్టడం న్యాయమా? న్యాయం కాదు, నేనూ అలా అనను. సామీ భాషలే ఒకదానితో ఒకటి కలవనన్ని ఉన్నాయి, పూజలూ అలాగే ఉండి ఉంటాయి. నేననేది, ఒక ప్రాంతంలోనైనా ఇంత స్పష్టంగా కనబడిన ఇంటి ఆరాధనని మంచు దేశపు మతం గురించి మాట్లాడేటప్పుడు చివరి పేరాకి నెట్టకూడదని. ఆ ముగ్గురూ డప్పుల మీద కూడా ఉన్నారన్న సంగతి నా వాదనకి బలమే. మగవాడు తన దేవతల పట్టికలో వాళ్లని రాసుకోక తప్పలేదు.

ఇంటిదేవత లేని దేశమేది, ఇందులో విశేషమేముందని మూడో మాట. పొయ్యిని మొక్కని నాగరికత లేకపోవచ్చు. కానీ మైనస్ 40లో పొయ్యి ఆరిపోవడం అంటే అర్థం వేరు. అక్కడ గుడారం గుమ్మం అంటే ప్రాణానికీ చలికీ మధ్యనున్న ఒక తోలుగుడ్డ. చీకట్లో, మంచులో, మంత్రసాని దూరంలో ఉన్నప్పుడు పురుడు పోసుకోవడం ఏడాదిలో ఏ వేటకన్నా ప్రమాదమైన పని. గుమ్మానికి ఒకరు, పొయ్యికి ఒకరు, గర్భానికి ఒకరు చొప్పున దేవతలని నిలబెట్టినవాళ్లు తమ దేశాన్ని బాగా ఎరిగినవాళ్లు. చలే దేవతలని పుట్టించిందని నేననను. చలిలో మనుషులు దేనికి భయపడ్డారో, దేన్ని ప్రేమించారో ఈ దేవతల చోట్లు చెబుతాయి, అంతవరకే నా మాట. కొండ శిఖరం మీద మెరుపుల దేవుణ్ణి పెట్టే కల్పన ఆ భయాన్నీ ఆ ప్రేమనీ ఎప్పుడూ తాకలేదు.

డప్పు తిరిగి రావడం చిన్న సంగతి కాదు. 330 ఏళ్ల తర్వాత ఒక జప్తు రద్దయింది. దాని కోసం సామీ పార్లమెంటు అప్పటి అధ్యక్షురాలు ఐలి కెస్కిటాలో అప్పటి డెన్మార్క్ రాణికి విన్నవించుకోవలసి వచ్చింది. ఫిన్లాండ్ వైపు కూడా 2021లో జాతీయ మ్యూజియం 2,200కి పైగా సామీ వస్తువులని ఇనారిలోని సీదా మ్యూజియానికి అప్పగించింది. తిరిగి వచ్చేవి వస్తువులు. వస్తువుగా ఎప్పుడూ లేనిదాన్ని తిరిగి ఇమ్మని ఎవరిని అడగాలి? 1944లో వెనక్కి తగ్గుతూ జర్మన్ సైన్యం ఫిన్‌మార్క్‌ని తగలబెట్టింది. కరాషోక్‌లో మిగిలిన పాత కట్టడం 1807 నాటి చర్చి. ఇళ్లు పోయాయి, ఇళ్లతోపాటు గిన్నెలూ గరిటెలూ అరుగులూ పోయాయి. అంతకుముందే బడి, పాదిరి కలిసి అమ్మమ్మల నోళ్లు మూయించారు. సామీ మతం మీద డప్పు బొమ్మల పుస్తకాలు ఒక అలమారా నింపుతాయి. జావ గురించి అలమారా ఎవరూ నింపలేదు. అడగవలసిన ప్రశ్నలు మారితే ఇంకా దొరికేది ఉందని నా నమ్మకం. పాత విచారణ కాగితాల్లో స్త్రీలు చెప్పిన మాటలని డప్పు కోసం వెతికే కళ్లతో కాకుండా మళ్లీ చదవాలి, పురుళ్ల గురించి ఇప్పటి ముసలమ్మలని వాళ్ల భాషలోనే అడగాలి.

నేల కూడా కొంత దాచిపెట్టింది. ఫిన్‌మార్క్ తూర్పు అంచున పాస్విక్ లోయలో పురావస్తు శాస్త్రవేత్తలు దీర్ఘచతురస్రపు రాతి పొయ్యిలు తవ్వి తీశారు. వెయ్యేళ్ల నాటివి, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. ఒక్కో పొయ్యి ఒక్కో గుడారం, వరస ఒక ఊరు. రాళ్ల మధ్య, చుట్టూ కాలిన ఎముకలు, చేపవి, రెయిండీర్‌వి. వాటిని ఏ అధికారీ పట్టుకుపోలేదు, ఏ గుమాస్తా పేర్లు రాయలేదు. రాళ్లు పేర్చిన చోటనే ఉన్నాయి, కింద మట్టి ఇప్పటికీ నల్లగానే ఉంది.