ట్రీట్ అనే క్రియ

ఉద్యోగమొస్తే "ట్రీట్ ఎప్పుడు?" అని అడుగుతాం. డాక్టరు రోగిని ట్రీట్ చేస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే మురుగును ప్లాంటులో ట్రీట్ చేస్తారు. పెళ్లిచూపుల్లో అత్తగారు "మీ అమ్మాయిని కూతురిలా ట్రీట్ చేస్తాం" అంటారు. విందుకూ, వైద్యానికీ, శుద్ధికీ, మనిషిని చూసే తీరుకూ ఇంగ్లీషులో ఒకటే మాట. దీని మూలం లాటిన్‌లో ఉంది. లాగడం, చేత్తో పట్టి నడపడం అక్కడి అర్థాలు. మన పొలాల్లో తిరిగే ట్రాక్టరుదీ అదే వంశం. ట్రీట్ చేసేవారి చేతిలో ఎప్పుడూ పట్టు ఉంటుంది.

తెలుగులో మనం "చూసుకోవడం" అంటాం. కోడలు మంచాన పడ్డ అత్తను చూసుకుంటుంది. ఆ చూపులో స్నానం చేయించడం, పక్కబట్టలు ఉతకడం, రాత్రుళ్లు మేలుకోవడం అన్నీ ఉంటాయి. దాన్ని ట్రీట్‌మెంట్ అని ఎవరూ అనరు. జీతం ఉన్నది వైద్యం, లేనిది బాధ్యత.

నేను ఇంగ్లీషు చెప్పే డిగ్రీ తరగతికి ఇస్నాపూర్, పాశమైలారం వైపు నుంచి అమ్మాయిలు వస్తారు. ఈ క్రియతో వాక్యం రాయమంటే, మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పనిచేసే తల్లి గురించి ఒకమ్మాయి "మా అమ్మ ట్రీట్ చేయబడింది" అని రాసింది. ఏ దవాఖానలో అని అడిగాను. "దవాఖానల కాదు మేడం, కంపెనీల. ఆబ్సెంట్ లెక్క ట్రీట్ చేసిండ్రు" అంది. పొద్దున షిఫ్టుకు పోయిన ఆమె నెలసరి నొప్పి తట్టుకోలేక మధ్యాహ్నం ఇంటికొచ్చింది. చేసిన సగం రోజు పని రిజిస్టరులో లేకుండా పోయింది.

సంగారెడ్డి వైపు "లాగా" అనడానికి "లెక్క" అంటారు. బిడ్డ లెక్క చూసుకుంటం, ఆబ్సెంట్ లెక్క రాస్తం. పోలికకూ, జమాఖర్చుకూ ఒకే మాట. బిడ్డ లెక్క అనడంలోనే బిడ్డ కాదన్న ఒప్పుకోలు ఉంది. పని చేసిన మనిషి ఆబ్సెంట్ లెక్క అయినప్పుడు ఆ పోలిక కూలిని మింగేస్తుంది.

ఈ ప్రాంతంలో మురుగు కూడా ఇలాంటి లెక్కలోనే శుద్ధి అయింది. నక్కవాగు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరులో రోగులకు వైద్యం చేస్తూనే డాక్టర్ అల్లాని కిషన్ రావు ఈ విషంపై పోరాడారు. సుమారు 90 మందుల కంపెనీల మురుగును తీసుకునే ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. కొన్ని సూక్ష్మజీవులకు హాని చేసే మోతాదుకన్నా అది వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. కాగితం మీద మాత్రం అది ట్రీట్ చేసిన నీరు. రోగిని బాగుచేయాల్సిన మందు వాగులో పారింది.

కర్మణి వాక్యంలో చేసినవాడు కనపడడు. నీరు శుద్ధి చేయబడింది, ఆమె గైర్హాజరుగా పరిగణించబడింది. అందుకే వ్యాకరణం చెప్పేటప్పుడు ఆ పిల్లలచేత ప్రతి వాక్యాన్నీ తిప్పి రాయిస్తున్నాను. ఎవరు చేశారు? ఎవరిని? ఏ లెక్కన? పరీక్షలో దీనికి మార్కులు రావు. కానీ జీతం చీటీ చదవడానికి పనికొస్తుంది.