విత్తనానికి కంచుకం

'కంచుకము' అన్న మాటకు నిఘంటువులో రవిక, కవచము, పాము కుబుసము అని అర్థాలున్నవి. విత్తనాలకు పట్టించే పూతకు ఇంతకన్న తగిన పేరు నాకు తోచలేదు. పాము కుబుసం విడిచినట్లు, వేళ వచ్చినప్పుడు గింజ దీనిని విడిచి వెలుపలికి రావాలి. ఆ వేళను నిర్ణయించడమే ఈ విద్యలోని కిటుకు.

అమెరికాలో మొక్కజొన్న పండించే రైతుకు వసంతారంభంలో చలి బెంగ. నేల వేడిమి పది డిగ్రీలకు చేరనిదే ఆ గింజ సరిగా మొలవదు. చల్లని మట్టిలో నీరు పీల్చుకొని కుళ్ళిపోవడమూ కద్దు. కాలిఫోర్నియాకు చెందిన లాండెక్ అనే సంస్థ ఇందుకొక పాలిమర్ పూత తయారు చేసి, ఇంటెల్లికోట్ అని పేరు పెట్టింది. నేల చల్లగా ఉన్నంతకాలం అది నీటిని లోనికి పోనీయదు, వెచ్చబడగానే దారి ఇస్తుంది. సంకర విత్తనోత్పత్తిలో దీనికి మరొక ప్రయోజనం. మగ వరుసలలో కొన్ని గింజలకు పూత పట్టిస్తే అవి ఆలస్యంగా మొలిచి, ఆలస్యంగా పుప్పొడి రాలుస్తాయి. ఆడ వరుసల కంకులు పీచు వేసే రోజులన్నిటా పుప్పొడి అందుతుంది. ముహూర్తం పెట్టడం మన పురోహితులకే చాతనవునని అనుకున్నాను సుమా!

అయితే మా అనంతపురం ఎర్రనేలకు ఈ కంచుకం వల్ల ఉపయోగం లేదు. జూన్ మాసంలో మా మట్టికి వేడిమి కొదువా? మాకు కావలసినది వానను గుర్తించే పూత. మృగశిర కార్తెలో ఒక పదును అవుతుంది, వేరుశనగ విత్తుతారు, మొలక కనబడుతుంది, ఆపైన మూడు వారాలు మబ్బు జాడ ఉండదు. నోటుపుస్తకాలు లేకుండా బడికి వచ్చిన పిల్లలను చూచి, ఏ ఊరిలో మొలక ఎండినదో చెప్పగలిగేవాడిని. పుస్తకాల డబ్బు రెండవ విత్తనానికి పోయేది.

జపానులో షికోకు ద్వీపవాసి మసనోబు ఫుకువోకా వడ్లకు బంకమట్టి పట్టించి శరత్తులోనే చల్లేవారు. పిట్టలకు, ఎలుకలకు చిక్కక అవి వసంతం దాకా పొలంలోనే నిద్రించేవి. 'గడ్డిపరకతో విప్లవం' చదివినవారికి ఇది తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసేవారు ఇప్పుడు నవధాన్యాలకు బీజామృతం, బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి గుళికలుగా చేసి, వానలకు ముందే పొడినేలలో చల్లుతున్నారు. చిరుజల్లుకు గింజ తొందరపడరాదని ఉద్దేశం. మొలిచిన తరువాత ముఖం చాటువేసే వానకు మాత్రం ఏ పూతా అడ్డు రాలేదు. దీనిని సర్వరోగ నివారిణిగా చెప్పేవారి మాట నేను నమ్మను.

నిజానికి ఈ నిద్ర విత్తనానికి పుట్టుకతో ఉన్నదే. అడవిగడ్డి గింజలన్నీ ఒక్క వానకే మొలవవు; కొన్ని మరుసటి ఏడు దాకా ఆగుతాయి. ఒక్కుమ్మడిగా మొలిచేవాటినే వేల ఏండ్లుగా ఏరుకుంటూ వచ్చి, మనిషి ఆ నిద్రను చెరిపివేశాడు. గుత్తి రకాల వేరుశనగ చూడండి, కోతవేళ వాన పడితే కాయలోనే మొలకెత్తుతుంది. తీగ రకాలు అట్లా కావు. పోగొట్టిన నిద్రను పాలిమర్‌గా వెలపెట్టి కొనడం కంటె, ఇంటి వసారాలో మట్టితో చేసుకొనడమే నాకు నచ్చింది.

నా తమ్ముని కుమారుడు నిరుడు అరెకరంలో ఈ గుళికలు చల్లాడు. ఉలవ, అలసంద చక్కగా మొలిచాయి. కంది సగం చీమల పాలయింది. "ఈసారి బూడిద పాలు పెంచుతాను పెదనాన్నా" అంటున్నాడు.