కనిపించకపోతే పోయినట్టా?

సంక్రాంతికి వెల్ల వేయించిన ఇంట్లో ఏ వస్తువూ ఓ పట్టాన దొరకదు. పోపులపెట్టె అటక మీద ఉంటుంది, అగ్గిపెట్టె పుస్తకాల బీరువాలో తేలుతుంది. పోయిందేమీ లేదు, చోటు మారిందంతే. ఆ సంగతి తెలిసినవాళ్ళం కనకనే మనం గాభరా పడం. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ధైర్యం ఏమైపోతుందో!

మా జలంత్రకోట ఇంట్లో ఓ పాత కంప్యూటరుంది. అది లినక్సు మీద నడుస్తుంది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టి, అందరి సొత్తుగా వదిలిపెట్టిన లినక్సే. అందులో మాది ఉబుంటు అనే రకం. మా మామగారి రక్తపరీక్షల కాగితాలన్నీ దాంట్లోనే భద్రం. మూత్రపిండాల జబ్బు గడప గడపకీ తిరిగే మా ఉద్దానంలో ‘క్రియాటినిన్’ అన్నది ఉప్పూ పప్పూ లాంటి మాటే మరి.

ఆ పెట్టెకి రెండు గుమ్మాలనుకోండి. వీధి గుమ్మం పేరు అపాచీ. ఇంట్లో వాళ్ళెవరైనా ఫోను మీద వేలు ఆనిస్తే కాగితం చూపిస్తుంది. పెరటి గుమ్మం పేరు సాంబా. జీడిపప్పు లెక్కల గదిలో ఉన్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు నుంచి కొత్త కాగితాలు లోపలికి వచ్చేది అటునుంచే. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దీన్ని తయారుచేసి, ఎస్, ఎం, బి అక్షరాలున్న మాట కోసం నిఘంటువు గాలిస్తే ‘సాంబా’ దొరికిందట.

2022 సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు, 2012 నాటి ఉబుంటును మెట్టు మెట్టుగా 2020 నాటి దాకా ఎక్కించాడు. ముక్కనుమ వెళ్ళగానే ఊరికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అత్తగారు ఫోను తెరిస్తే కాగితాల బదులు ‘ఇట్ వర్క్స్!’ అని ఓ పేజీ వచ్చింది. పనిచేస్తోందిట! ఎవరికి పనిచేస్తోందో మాత్రం రాయలేదు.

వెతగ్గా వెతగ్గా కారణం దొరికింది. కొత్త అపాచీ, పేరు చివర ‘డాట్ కాన్ఫ్’ అని ఉన్న ఫైళ్ళనే చదువుతుంది. మా ఫైలుకి ఆ తోక లేదు. తగిలించి, అపాచీని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ‘ఫర్బిడెన్’ అంది. అంటే, చూడడానికి మీకు అనుమతి లేదని.

అత్తగారు ఆ ఇంగ్లీషు ముక్క మనవరాలి చేత చదివించుకున్నారు. మెల్లిగా నా దగ్గరికొచ్చి, “ఏటమ్మా, నాకు తెలీకూడని అంకె వచ్చిందేటి? అందరూ కలిసి దాచేస్తన్నారా?” అన్నారు.

నా చేతులు ఆగిపోయాయి. యాభై ఏళ్ళు కాపరం చేసిన మనిషితో, నీ భర్త ఒంటి సంగతి నీకు చెప్పనని యంత్రం అంటే ఎలా ఉంటుంది!

అయితే యంత్రాల్లో ఓ మంచి గుణం ఉంది. అలిగినా మూతి ముడుచుకుని కూర్చోవు, ఎందుకు కాదన్నాయో చిట్టాలో రాసిపెడతాయి. అపాచీ చిట్టా ఆఖరి వరస చూస్తే, మా కాగితాలున్న చోటికి ఎవరినీ రానివ్వద్దని నియమం ఉందని తేలింది. 2012లో వచ్చిన అపాచీ 2.4 నుంచి అనుమతి రాసే పద్ధతే మారిందిట. ‘అలో ఫ్రమ్ ఆల్’ అనే పాత మాట తీసేసి ‘రిక్వయిర్ ఆల్ గ్రాంటెడ్’ అని రాయాలి. రాశాను. మా పేజీ ఇంటి వైఫై దాటి పోదు గనక, అందరికీ అని రాసినా అది మా నలుగురికే.

కాగితం కనిపించింది. అత్తగారు అంకె చూసుకుని, “పోయిన్నెల కంటే ఎక్కువేనమ్మా. ఉంటే ఉందిలే, నాకు కనబడితే సాలు” అన్నారు.

ఇక పెరటి గుమ్మం. 2019 నాటి సాంబా 4.11 నుంచి, ఎస్.ఎం.బి. మొదటి తరం భాషని అడిగితే తప్ప మాట్లాడదు. ఎక్స్‌పీకి వచ్చింది ఆ ఒక్క భాషే! ‘సర్వర్ మిన్ ప్రోటోకాల్’ ఎదురుగా ‘ఎన్‌టీ1’ అని రాస్తే చాలు, పాత పలకరింపులు మొదలవుతాయి. రాయబుద్ధి కూడా వేసింది. కానీ 2017 మేలో ‘వనాక్రై’ అనే దొంగ ప్రోగ్రాము, విండోస్‌లో ఆ పాత భాష తాలూకు లొసుగు పట్టుకునే దేశదేశాల కంప్యూటర్లకు తాళాలు వేసింది. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లు కొన్ని చిక్కుకున్నాయి. బ్రిటన్ ఆసుపత్రుల్లోనైతే డాక్టర్లకే రోగుల కాగితాలు అందలేదు. అది తల్చుకుని మానేశాను. ఎక్స్‌పీని తీసేసి లెక్కల గదిలో కూడా లినక్సే పెట్టించాం. అందాకా కాగితాలు పెన్‌డ్రైవులో మోశాం.

ఇంతకీ ఆ పెట్టెలో ఒక్క కాగితమూ పోలేదు. కాకపోతే, యంత్రం కాదంటే చిట్టా చదువుకోవచ్చు. పెద్దవాళ్ళు బాధపడతారని మనం నోరు నొక్కుకుంటే, వాళ్ళు ఏ చిట్టా చదువుకుంటారు చెప్పండి? అందుకే మా ఇంట్లో ఇప్పుడు డాక్టరు చెప్పింది చెప్పినట్టు ముందు అత్తగారికే చెబుతున్నాం. ఫోను తెరవడం ఆ తర్వాతే.