వంకాయ పురుగూ, రక్తపు పోటూ

మణికొండ నుంచి వచ్చే ఒకాయనకు ఆ రోజు రక్తపు పోటు 170/100 ఉంది. మాత్రలు మానలేదు, ఉప్పూ ఎక్కువ తినలేదు. ఆరా తీస్తే, తగువు వంకాయ పురుగు మీద!

కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నారపల్లిలో మిద్దెతోట పెంచి చూపాక ఈ సరదా చాలా ఇళ్లకు పాకింది. ఈయనా ఒక వాట్సాప్ బృందంలో చేరారు. వేపనూనె చల్లమని రాస్తే, పై అంతస్తు ఆయన "మీకేం తెలుసు?" అన్నారట. ఇప్పుడు లిఫ్టులో ఎదురైనా పలకరింపుల్లేవు.

ఆఫీసులో తప్పు పట్టినా జీతం వస్తుంది. సరదాకు జీతమేమిటి? నలుగురి మెప్పే. అది పోతుందనిపిస్తే పురుగును వదిలి మనిషి మీద పడతాం. పైగా రాతలో గొంతు వినిపించదు. మామూలు ప్రశ్న కూడా వెక్కిరింపులా తోస్తుంది. కోపంలో ఎడ్రినలిన్ ఊరి గుండె వేగం పెరుగుతుంది, పోటు ఎగబాకుతుంది.

మాట్లాడనివ్వకుండా 5 నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 148/90. మాత్ర పెంచలేదు, వారం రోజులు ఇంట్లో చూసి రాసి తెమ్మన్నాను. మీరూ తగువాడిన వెంటనే పోటు చూసుకుని బెదిరిపోకండి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి రండి.

జవాబు పంపేముందు మీ ఆవిడ చేత ఒకసారి చదివించుకోండి అన్నాను.

"ఆవిడ అసలు తోటే వద్దంటుంది డాక్టరు గారూ!"