పక్కన కూర్చునే మనిషి

హైదరాబాదులో ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో మా మేనకోడలు సైకాలజిస్టు. "మామయ్యా, నువ్వొకసారి చూసి రాయాలి" అని పట్టుబడితే, డిప్రెషన్‌కు తల మీద కొద్దిపాటి కరెంటు పెడుతూ మెదడుకు సాధన కూడా చేయించే చికిత్స చూడటానికి వెళ్లాను. పేషెంటుగా వచ్చినావిడ సరేనన్నాకే నన్ను గదిలోకి రానిచ్చింది.

కరెంటు పెట్టే మెషిను మాట ఎలా ఉన్నా, నేను మా మేనకోడలి చేతులే చూస్తూ కూర్చున్నాను. టేపుతో ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి, నుదుటికి ఎడమ పక్కన కాస్త పైగా గుర్తు పెట్టింది. జుట్టు పాయలు విడదీసింది. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజిని వేళ్లతో నొక్కి చూసుకుంది. నీళ్లు కారితే కరెంటు పక్కలకు పాకుతుంది, ఆరిపోతే చర్మం మండుతుంది. "రేపు తలకు నూనె పెట్టుకుని రాకండమ్మా" అంది మెల్లగా.

కరెంటు 2 మిల్లీయాంపియర్లు. షాక్ ట్రీట్‌మెంటులో అది వందల్లో ఉంటుంది. ఇంత కొద్ది కరెంటు మెదడు కణాలచేత బలవంతాన పని చేయించలేదు, వాటిని కాస్త సిద్ధం చేస్తుందంతే. అందుకే కరెంటు నడిచే ఆ అరగంటా మెదడుకు ఏ పని పెట్టామన్నది ముఖ్యం.

ఆ పని అంకెల కూడిక. "ఏడు" అని వినిపిస్తుంది, తర్వాత "మూడు". పది అనాలి. తర్వాత "ఐదు". ఎనిమిది అనాలి, పదిహేను కాదు. తప్పు పోయినప్పుడు దిగులులోకి జారకుండా వెంటనే తర్వాతి అంకె అందుకోవడమే అసలు సాధన. పేషెంటు తడబడింది, పెదవి కొరుక్కుంది, మళ్లీ అందుకుంది. సాఫ్ట్‌వేరు ఇంగ్లీషులోనే పలుకుతుందని, ఆ అంకెలన్నీ మా మేనకోడలు తన గొంతుతో తెలుగులో రికార్డు చేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ లెక్కలో వేయలేదు.

డిప్రెషన్‌కు ఈ జంట చికిత్స మీద 2014లో ఆస్ట్రేలియాలో ఒక చిన్న పరిశోధన చేశారు. మూడు వారాల తర్వాత చూస్తే, కరెంటూ సాధనా కలిపి ఇచ్చినవాళ్లలోనే మేలు నిలిచింది. అదే ఏడు బ్రెజిల్‌లో 37 మందితో చేస్తే, కలిపినందువల్ల మొత్తమ్మీద అదనపు లాభం కనబడలేదు. వయసు పైబడినవాళ్లకూ, కూడికలు బాగా చేసినవాళ్లకూ మాత్రం ఎక్కువ గుణం కనిపించింది. తేలాల్సింది ఇంకా ఉంది. తేలాలంటే ఆ సాధన సగాన్ని సవ్యంగా చేయించాలి కదా!

"మెషిను కొన్నారు మామయ్యా, పక్కన కూర్చునే మనిషికి పోస్టు లేదు" అంది. ఓపీ చూస్తూ, మధ్యలో తీరిక చేసుకుని ఇది చేయిస్తోంది. బయట పేషెంటు భర్త "కరెంటు పెట్టారా?" అనే అడిగాడు. ఆయన్ని తప్పుపట్టను. వస్తువుకు డబ్బిచ్చి, మనిషి ఓర్పును ఊరికే వాడుకునే పద్ధతి మీదే నా కోపమంతా. పోస్టు కోసం మా మేనకోడలు పెట్టిన అర్జీకి ఇంతవరకూ జవాబు రాలేదు.