ఎవుడు గెలుస్తాడు బావా?

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో సాయంత్రం దాకా క్రికెట్ ఆడి, బంతి కనబడనంత చీకటి పడ్డాక గ్యాలరీ మెట్ల మీద చేరేవాళ్లం. 2005 మార్చిలో ఆ మెట్ల మీద మాకు ఒకటే మాట. ఏప్రిల్ 3న లాస్ ఏంజెలెస్‌లో రెజిల్‌మేనియా 21, డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ కంపెనీ ఏటా పెట్టే అన్నిటికంటే పెద్ద షో. ఎనిమిది ఫైట్లు. ఎవడి మీద ఎవడు గెలుస్తాడు? లెక్కల నోట్సు వెనక పేజీలో ఫైట్లన్నీ వరసగా రాసి, ఒక్కో ఫైటు పక్కన ఎవరి జోస్యం వాళ్లు గుర్తు పెట్టేవాళ్లం. ఎక్కువ సరిగ్గా చెప్పినవాడికి మిగతావాళ్లు పాత బస్టాండు దగ్గర బండి మీద పునుగులు తినిపించాలి.

స్టేడియానికి ఎవరి పేరుందో ఆ రామ్మూర్తి గారిది అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న వీరఘట్టం. ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్నాడని, ఇనప సంకెళ్లు ఒంటికి చుట్టుకుని ఊపిరి బిగబట్టి తెంచేవాడని మా తాతయ్య చెప్పేవాడు. మేం టీవీలో చూసేది ఆయనకు అస్సలు నచ్చేది కాదు. "మల్లయుద్ధమంటే ఆయనది. ఈళ్లదేటి, ముందే మాటాడేసుకుని కొట్టుకుంటారు. ఎవుడు గెలాలో రాసీసుంటాది. దానికి మల్లా మీకు పందేలు!"

తాతయ్య అన్నది నిజమే. ఎవరు గెలవాలో ముందే నిర్ణయమైపోతుంది. ఆ సంగతి ఏడో తరగతికల్లా మాకూ తెలుసు. కానీ జోస్యంలోని రుచంతా అక్కడే ఉంది. నిజం కుస్తీలో అయితే ఎవరికి బలముందో తెలిస్తే చాలు. ఇక్కడ కథకు ఎవరి గెలుపు కావాలో కనిపెట్టాలి. కురుక్షేత్రం నాటకానికి మా నాయనమ్మ చాప పట్టుకెళ్లి తెల్లవార్లూ కూర్చునేది, దుర్యోధనుడు గెలుస్తాడేమోనన్న అనుమానంతో కాదు కదా. మా నాటకంలో తేడా ఏమిటంటే, ఏ రోజు ఏ పర్వం నడుస్తుందో ఎవరూ ముందు చెప్పరు.

అంతకుముందు మా చిన్నతనమంతా ట్రంప్ కార్డులతో గడిచింది. కిరాణా కొట్లో దొరికే ఆ చిన్న అట్టముక్కల మీద ఒక్కో వస్తాదు ఫొటో, కింద ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు. పెద్ద అంకె ఉన్నవాడు కార్డు గుంజుకుంటాడు. బిగ్ షో వస్తే బరువు చెప్పాలి, అండర్‌టేకర్ వస్తే ర్యాంకు చూసుకోవాలి. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని మా క్లాసులో నమ్మనివాడు లేడు. ఆ కార్డుల పుణ్యాన టీవీలో కూడా పెద్ద అంకే గెలుస్తుందని మా అందరి లెక్క. ఆ లెక్కను పడగొట్టినవాడు మా మేనత్త కొడుకు. మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకునేవాడు. "ఎవుడు గెలుస్తాడు బావా?" అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"ఎవుడు గెలుస్తాడని అడక్కురా. ఈ ఫైటు అయిపోయాక సోమవారం 'రా' షోలో ఎవుడికి ఎవుడితో గొడవుండాలో అదడుగు."

ఆ ఒక్క మాటతో నాకు టీవీ చూసే కళ్లే మారిపోయాయి. వారం వారం దెబ్బలు తిన్నవాడు పెద్ద ఫైటులో తిరిగి కొడతాడు. ముందు వారం ప్రత్యర్థిని నేల మీద పడేసి బెల్టు పైకెత్తి నవ్వినవాడికి ఆదివారం పెద్ద షోలో కలిసిరాదు. కంపెనీ వదిలిపోయేవాడు ఓడి వెళ్లాలి, తన పేరులో కొంత మిగిలేవాడికి ఇచ్చిపోవాలి. ఈ చివరిదానికి బావ 2004 రెజిల్‌మేనియా ఉదాహరణ చెప్పేవాడు. గోల్డ్‌బర్గ్, బ్రాక్ లెస్నర్ ఇద్దరూ వెళ్లిపోతున్నారని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జనానికి ముందే తెలిసిపోయింది. ఇద్దరినీ గేలి చేశారు. గోల్డ్‌బర్గ్ గెలిచాడు గానీ, ఇద్దరూ పోయేవాళ్లే అయినప్పుడు గెలుపును దాచుకునేవాడెవడు?

పడటం మాత్రం ఉత్తుత్తిది కాదని కూడా బావే చూపించాడు. 2005 జనవరి 30న రాయల్ రంబుల్ అనే గుంపు పోటీలో చివరికి బటిస్టా, జాన్ సీనా మిగిలారు. ఇద్దరూ ఒకేసారి తాళ్ల మీంచి కిందపడ్డారు, అంటే ఇద్దరూ ఔటే. కంపెనీ ఓనరు విన్స్ మెక్‌మహాన్ కోపంగా పరుగెత్తుకొచ్చి రింగులోకి దూరబోయి, రెండు తొడల కండరాలూ చిట్లి, లేవలేక రింగులో చతికిలబడ్డాడు. ముందే రాసుకున్న కథలో అలాంటివి ఉండవు. మళ్లీ ఆట మొదలుపెడితే బటిస్టా గెలిచాడు. రంబుల్ గెలిచినవాడికి రెజిల్‌మేనియాలో టైటిల్ ఫైటు వస్తుంది. అక్కడి నుంచే మా మార్చి నెల వాదనలన్నీ పుట్టాయి.

అందరికంటే గట్టి గొడవ బటిస్టా, ట్రిపుల్ హెచ్ మీద. ఇద్దరూ 'ఎవల్యూషన్' అనే ఒకే గుంపు మనుషులు. గురువు లాంటి ట్రిపుల్ హెచ్, తన బెల్టు జోలికి రాకుండా బటిస్టాను స్మాక్‌డౌన్ అనే ఇంకో షో వైపు తోసేయాలని చూశాడు. ఫిబ్రవరిలో కాంట్రాక్టు మీద సంతకం పెట్టే రోజు బటిస్టా బొటనవేలు పైకెత్తి, మెల్లగా కిందికి తిప్పి, గురువుగారిని ఎత్తి బల్ల మీద విరగ్గొట్టాడు. అది టీవీలో చూసిన మర్నాడు మా స్కూల్లో ఎవడికి ఏం చెప్పాలన్నా బొటనవేలు కిందికి తిప్పి చెప్పడమే. అయినా మాలో చాలామంది ట్రిపుల్ హెచ్ పేరే రాశారు. వాళ్ల దగ్గరున్న కారణం కొట్టిపారేయలేనిది. ట్రిపుల్ హెచ్ 2003లో విన్స్ కూతురు స్టెఫనీని పెళ్లాడాడు. ఓనరు అల్లుడు ఎలా ఓడతాడు?

బావ ఆ మాటకు నవ్వలేదు. "అల్లుడు కాబట్టే ఓడతాడ్రా. కొత్తోడు నిలబడితేనే కదా రేపు మావ కొట్టు నడుస్తాది" అన్నాడు. వ్యాపారం గురించి ఎవరైనా నాకు చెప్పిన మొదటి పాఠం బహుశా అదే.

సీనా, జేబీఎల్ ఫైటుకు వాదనే లేదు. జేబీఎల్ 2004 జూన్ నుంచి బెల్టు పట్టుకు కూర్చున్నాడు, అతణ్ని ఇష్టపడే పిల్లాడు శ్రీకాకుళంలోనే లేడు. సీనాలా మొహం ముందు అరచెయ్యి ఊపుతూ క్లాసులో తిరిగినందుకు మాలో కొందరు మాస్టారి చేత తన్నులు కూడా తిన్నారు. అందరూ సీనా పేరే రాశారు. మహిళల ఫైటులో ట్రిష్ స్ట్రాటస్ సంగతీ అంతే. బిగ్ షోకీ జపాన్ మాజీ యోకోజునా, అంటే సుమో అగ్ర వస్తాదు, అకెబోనోకీ సుమో పోటీ అన్నారు. సుమో అంటే ఏమిటో బావే చెప్పాల్సొచ్చింది.

తల పగలగొట్టుకున్నది ర్యాండీ ఆర్టన్, అండర్‌టేకర్ దగ్గర. రెజిల్‌మేనియాలో 1991 నుంచి అండర్‌టేకర్ ఆడిన పన్నెండు ఫైట్లూ గెలిచాడు. ఆర్టన్ పాతికేళ్ల కుర్రాడు, దిగ్గజాల్ని పడగొట్టేవాడినని చెప్పుకు తిరుగుతున్నాడు. బావ సూత్రం ప్రకారమే చూస్తే కుర్రాడు గెలవాలి, భవిష్యత్తు వాడిది. సగం మంది ఆర్టన్ అని రాశారు. బావ మాత్రం అండర్‌టేకర్ అన్నాడు. ఆ పన్నెండనే అంకె ఏ బెల్టు కంటే కూడా విలువైనదని, అదింకా పెరగాలని, పెరిగేకొద్దీ దాన్ని తెంచినవాడి రేటు పెరుగుతుందని అతని వాదన. ఇప్పుడే తెంచేస్తే పచ్చికాయ కోసినట్టే అన్నాడు.

ఇంకో ఫైటు గురించి బావ ఒక సాయంత్రమంతా చెప్పాడు. షాన్ మైకెల్స్, కర్ట్ యాంగిల్. యాంగిల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఫ్రీస్టయిల్ కుస్తీ బంగారు పతకం గెలిచిన అసలు సిసలు వస్తాదు. అదే ఏడాది మైకెల్స్ రెజిల్‌మేనియాలో బ్రెట్ హార్ట్‌తో గంటకు పైగా ఆడి మొదటిసారి చాంపియన్ అయ్యాడు. ఒకడు నిజం ఆటలో, ఒకడు ఈ ఆటలో శిఖరం ఎక్కింది ఒకే సంవత్సరం. ఇద్దరిలో ఎవడు గొప్ప అన్నదే ఆ ఫైటు. దీనికి మాత్రం బావ ఏ పేరూ రాయలేదు. ఎవడు గెలిచినా ఫరవాలేదని ముందే తెలిసే ఫైటు ఆ రోజు ఆటల్లో ఒక్కటైనా ఉండాలట.

అమెరికాలో ఆదివారం రాత్రంటే మనకు సోమవారం పొద్దున. బావ ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్లి ఫలితాలన్నీ చూసొచ్చేవాడు. టెన్ స్పోర్ట్స్‌లో వచ్చేదాకా ఒక్క ముక్క బయటపెట్టేవాడు కాదు. పరీక్షలని మా ఇంట్లో కేబుల్ తీయించేశారు. ఇంటి ఓనరు గారింట్లో, వాళ్లబ్బాయి పక్కన నేల మీద కూర్చుని చూశాం.

రే మిస్టీరియో, ఎడ్డీ గెర్రెరో ఫైటుతో మొదలైంది. ఇద్దరూ స్నేహితులు, ట్యాగ్ టీమ్ చాంపియన్లు. రే గెలిచాడు. తర్వాత నిచ్చెనల ఫైటు, 'మనీ ఇన్ ద బ్యాంక్' అంటూ మొదటిసారి పెట్టింది అదే. ఆరుగురిలో ఎవడు పైనున్న బ్రీఫ్‌కేసు దించితే వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు టైటిల్ ఫైటు అడగొచ్చు. షెల్టన్ బెంజమిన్ వాల్చిన నిచ్చెన మీద పరుగెత్తుకెళ్లి క్రిస్ జెరికోని కొట్టినప్పుడు ఇంటి ఓనరు గారు కూడా పేపరు పక్కన పెట్టారు. బ్రీఫ్‌కేసు ఎడ్జ్‌కి దక్కింది. అలాంటిది నిజాయితీపరుడి చేతికొస్తే కథేముంటుందని బావ ముందే అన్నాడు. అన్నట్టే ఎడ్జ్ దాన్ని నెలల తరబడి దాచి, 2006 జనవరిలో సీనా రక్తం కారుతూ నిలబడలేని క్షణం చూసి వాడుకున్నాడు.

గొంతు పట్టి ఎత్తేసే అండర్‌టేకర్ చోక్‌స్లామ్‌ని ఆర్టన్ గాల్లోనే తన ఆర్కేఓ దెబ్బగా మార్చినప్పుడు ఆ గదిలో అందరం లేచి నిలబడ్డాం. అయిపోయిందనుకున్నాం. మూడు లెక్కపెట్టేలోగా అండర్‌టేకర్ భుజం లేపాడు. ఆర్టన్ పొగరుకొద్దీ అతని టూంబ్‌స్టోన్ దెబ్బ అతనికే వేయబోయి దొరికిపోయాడు. అంకె పదమూడైంది. మైకెల్స్ చీలమండ యాంగిల్ చేతుల్లో చిక్కుకుని ఎంతసేపు ఓర్చుకున్నాడో చూస్తుంటే మా కాళ్లు నొప్పెట్టాయి. చివరికి నేలను తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఓడినవాడు కూడా పెద్దవాడై బయటికొచ్చే ఫైటు అలా ఉంటుంది. అకెబోనో ఒక్క నిమిషంలో బిగ్ షోని బయటికి విసిరేశాడు. సీనా గెలిచాడు, కానీ ఆ ఫైటు చప్పగా ఉంది. అంతమంది ఎదురుచూసిన గెలుపుకు పదకొండు నిమిషాలేనా అన్న అసంతృప్తి నాకిప్పటికీ ఉంది. ఆఖర్న అల్లుడు ఓడాడు, బటిస్టా బెల్టు ఎత్తాడు. పునుగులు బావవే.

ఆ నోట్సులో ఉన్న పేర్లలో ఒకటి ఏడాది తిరక్కుండానే పోయింది. 2005 నవంబర్ 13న మినియాపొలిస్ హోటల్ గదిలో ఎడ్డీ గెర్రెరో చనిపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు. తర్వాతి 'రా'లో ఆ కొండల్లాంటి మనుషులు వరసగా నిలబడి ఏడుస్తుంటే, తాతయ్య మా వెనకే నిలబడి చూసి, "పాపం, ఎంత వయసురా" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఆయన నోట ఉత్తుత్తి అన్న మాట నేను వినలేదు.

అండర్‌టేకర్ అంకె ఇరవై ఒకటి దాకా పెరిగింది. 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో, మళ్లీ తిరిగొచ్చిన బ్రాక్ లెస్నర్ దాన్ని తెంచాడు. స్టేడియమంతా నోట మాట రాక నిలబడిపోయింది. 2019లో బటిస్టా తన చివరి ఫైటు రెజిల్‌మేనియాలోనే ఆడాడు, ఎదురుగా మళ్లీ ట్రిపుల్ హెచ్. ఈసారి గురువు గెలిచాడు. వెళ్లిపోయేవాడు ఓడి వెళ్లాలి.

2023 సెప్టెంబర్ 8న డబ్ల్యూడబ్ల్యూఈ హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చింది. బావ కూతుర్ని తీసుకుని వెళ్లాడు. సీనా, సేత్ రోలిన్స్ కలిసి ఇంపీరియం గుంపులోని ఇద్దరిని ఓడించారు. ఆ గుంపు నాయకుడు గుంథర్ అక్కడే వేరే ఫైటు ఆడి గెలిచాడు. ఆ రాత్రి అందరి కళ్లూ సీనా మీదే.

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో సీనా ఆఖరి ఫైటు ఆ గుంథర్‌తోనే పడింది. ఇరవై ఏళ్లకు పైగా ఎంత నొప్పెట్టినా నేలను తట్టని మనిషిగా పేరుపడ్డవాడు గుంథర్ పట్టులో నేలను తట్టి ఓడాడు. హాల్లో జనం అరిచి గోల చేశారు, అలాంటి మనిషిని అలా పంపుతారా అని చాలామంది అభిమానులు మండిపడ్డారు. నా మటుకు అది సరైన ఫలితం. పేరున్నవాడు వెళ్తూ ఆ పేరును ఉండేవాడి చేతిలో పెట్టి వెళ్లాడు, ఈ ఆటలో అంతకు మించిన మర్యాద లేదు.